తొక్కడం రాని మెకానిక్

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ట్రయలక్క పట్టుకుంది. అదీ ఎముకల డాక్టరు సెలవులో ఉండబట్టి.

మణికట్టుకు కట్టు వేసి మూడు వారాలైంది. ఆ ఉదయం చూపించుకుందామని వెళ్లి, పని కాక, డాక్టరును తిట్టుకుంటూ గంట ముందే ఇంటికి వస్తోంది. గిడ్డంగి గోడ మలుపు దగ్గర ఆమె కాళ్లు ఆగిపోయాయి. ఎదురుగా సైకిల్ మీద మొగుడు వస్తున్నాడు. నడిపించుకుంటూ కాదు, ఎక్కి! వెనక చక్రం మీద పాతకాలపు ఇంజను డుగడుగమంటోంది. పెడళ్ల మీద కాళ్లు ఆనించి, ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, రెండో చేత్తో చెవి వెనక గోక్కుంటూ వస్తున్నాడు. ఆమెను చూడనే లేదు. మలుపు అవలీలగా తిరిగి వెళ్లిపోయాడు.

తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది ఆమెకు.

ఎందుకంటే ఆ మనిషికి సైకిల్ తొక్కడం రాదు. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. మామూలు సైకిల్‌కి తగిలించుకునే చిన్న ఇంజన్లు ఒకప్పుడు వచ్చేవి. వాటిని బాగుచేయడంలో అతనికి సాటి లేదు. మోటారు బళ్లు పెరిగాక అవి అటకెక్కాయి. ఇప్పుడు పాత వస్తువుల పిచ్చి ఉన్నవాళ్లు వాటిని దించి మళ్లీ అతని దగ్గరికే తెస్తున్నారు. బాగుచేసిన బండిని ఎవరో ఒకరు నడిపి చూడాలి కదా. ఎక్కితే కళ్లు తిరుగుతాయంటాడు ఆ మహానుభావుడు. అందుకని ముప్పై ఒక్కేళ్లుగా ట్రయల్ పని పెళ్లాందే. అసలు పేరు మరుగునపడి ట్రయలక్క అయి కూర్చుంది.

నాలుగుసార్లు పెడల్ తొక్కి మీట వదిలితే, ఇంజను రోలర్ వెనక టైరును ఒరుసుకుని బండి అందుకుంటుంది. ఒక చుట్టు తిరిగి వచ్చి ఆమె రోగం చెప్పేది. "ఎత్తు ఎక్కేటప్పుడు ఏడుస్తోందయ్యా" అంటే అతను కార్బ్యురేటర్ విప్పేవాడు. "తడి రోడ్డు మీద మాట వినట్లేదు" అంటే రోలర్‌ను టైరుకు ఇంకాస్త దగ్గరగా బిగించేవాడు. ఆమె మాట ఏనాడూ గురి తప్పలేదు. తాను లేకపోతే ఈయనకు గతి లేదని ఆమె ధీమా. "వంటవాడికి నాలుక లేనట్టు మా ఆయన" అని నలుగురిలో ఆటపట్టించేది. అతను నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు గుర్తొచ్చి ఇప్పుడామెకు ఒళ్లు మండింది.

పైగా, అన్నేళ్లలో బండి మీంచి ఒక్కసారీ పడని మనిషి నీళ్లగదిలో జారి చెయ్యి విరగ్గొట్టుకుంది. తనవల్ల పని ఆగిపోయిందని మూడు వారాలుగా కుమిలిపోతోంది. "నీ చెయ్యి బాగవనీ, బళ్లెక్కడికి పోతాయి" అని ఓదార్చాడు, దొంగ!

ఆమె షెడ్డు చేరేసరికి అతను చుట్టు తిరిగొచ్చి, సైకిల్ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఎలా నడుస్తోంది?" అంది.

"ఏది?"

"ఇప్పుడు నువ్వెక్కి తిరిగొచ్చింది."

అతని చేతిలో పానా జారి పడింది.

"ఎప్పట్నుంచి వచ్చు నీకు?"

"ఎనిమిదో ఏట నుంచి. ఇంట్లో తెలీకుండా నేర్చుకున్నాను."

"మరి కళ్లు తిరగడం?"

"తిరగవు."

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది.

"పెళ్లయిన వారానికి, స్టాండు వేసున్న సైకిలెక్కి ఇక్కడే తొక్కుతున్నావు నువ్వు," అన్నాడతను నేల చూపులు చూస్తూ. "కదలని బండి. కళ్లు మూసుకుని మరీ తొక్కుతున్నావు. అమ్మేమో నిన్ను గేటు దాటనిచ్చేది కాదు. షెడ్డు పెట్టిన కొత్త కదా, మొదటి బండికే నాకు కళ్లు తిరుగుతున్నాయన్నాను. బేరం పోతుందని అమ్మే నిన్ను ఎక్కించింది."

నిజమే. వీడొట్టి దద్దమ్మ, నువ్వన్నా ఎక్కవే అంటూ అత్తయ్యే సీటు పట్టుకుంది. ఆ మాటకు అప్పుడు తానెంత జాలిపడిందో ఈ మనిషి మీద!

"అత్తయ్య పోయి పదిహేనేళ్లయింది. ఇంకా ఎందుకు దాచావ్?"

"చెప్తే నువ్వు దిగిపోతావేమోనని."

ఆమెకు కోపం కన్నా ముందు భయమేసింది. "అంటే నాది పని కాదన్నమాట. ఆటబొమ్మ ఇచ్చి ఆడించావు. నేను చెప్పిన రోగాలన్నీ నీకు ముందే తెలుసు."

"ఒట్టు, తెలీదు. ఎక్కితే నాకు చప్పుడు తప్ప ఇంకేం అంతుపట్టదు. ఇది పొద్దుట్నుంచి నాలుగుసార్లు ఆగింది. ప్లగ్గు మార్చాను, కార్బ్యురేటర్ కడిగాను. ఊహూఁ."

"నీ మాట ఇంకెవడు నమ్ముతాడు? ఎక్కు. నేనిక్కడ నిలబడతాను. రోగమేంటో నువ్వే చెప్పాలి."

అతను ఎక్కాడు. బండిని పంపి, నిలబడి దాని చప్పుడు వినడం ఆమెకదే మొదలు. బండి గిడ్డంగి గోడ దాటింది, మలుపు తిరిగింది. చప్పుడు సన్నబడుతూ సన్నబడుతూ, టప్పున తెగిపోయింది.

ఆగింది అనుకుంది. మళ్లీ అందుకుంటుందిలే అనుకుంది. అందుకోలేదు. అవతల లారీలు తిరిగే రోడ్డు. ఇంజను ఆగడానికి ప్లగ్గే కారణం కానక్కర్లేదు. ఆ ఆలోచన రాగానే ఆమె కట్టున్న చేతిని రొమ్ముకు అదుముకుని, చెప్పు ఊడినా చూసుకోకుండా పరిగెత్తింది.

అతను రోడ్డు పక్క రాయి మీద కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు. సైకిల్ చెట్టుకు ఆనించి ఉంది.

"ఏమైంది?"

"ఏమో. ఉన్నట్టుండి నీరసించిపోయింది."

"నీరసించి ఆగిందా, కొట్టుకుని ఆగిందా?"

"నీరసించే."

"ఊపిరాడట్లేదయ్యా దానికి," అని ఆమె పెట్రోలు మూత తిప్పింది. స్‌స్‌మని గాలి లోపలికి పోయింది. బండి యజమాని పాలిష్ పెట్టి రుద్దిన రుద్దుడుకి, మూత మీద గాలి పోయే సన్నని రంధ్రం పూడుకుపోయింది. అతను నోరెళ్లబెట్టాడు. ఆ నివ్వెరపాటు నటన కాదు. అంత బాగా నటించడం ఆ మొహానికి చేతకాదు.

ఆమె వెనక్కి తిరిగి, దారిలో ఊడిపడ్డ చెప్పు వైపు చూసింది.

"నేను వెళ్లినప్పుడల్లా నీకు ఇలాగే భయమేసేదా?"

"ఆగినప్పుడల్లా," అన్నాడు.

ముప్పై ఒక్కేళ్లలో ఎన్నిసార్లు ఆగిందో! ప్రతిసారీ తాను తాపీగా బాగుచేసుకుని, దారిలో తెలిసినవాళ్లు కనిపిస్తే కబుర్లాడి మరీ వచ్చేది.

"మరి ఎందుకు పంపావయ్యా నన్ను?"

అతను జేబులోంచి సన్నని తీగ తీసి ఆ రంధ్రంలో తిప్పుతూ, తలెత్తకుండానే చెప్పాడు.

"తిరిగొచ్చేటప్పుడు నీ మొహం నువ్వెప్పుడూ చూసుకోలేదు."