దూరం కొట్టని లైటు

మా ఆయనకు దూరమంటే ఇష్టం. ఏ లైటు కొన్నా ముందు అడిగే మాట ఒక్కటే: "ఎంత దూరం కొట్టిద్ది?" మొక్కజొన్న చేలో అడవి పందుల్ని బెదరగొట్టడానికి కొన్న పొడుగాటి ఎల్‌ఈడీ లైటు ఒకటి మా ఇంట్లో ఉంది. మేడ మీద నుంచి దాన్ని వేస్తే ఊరి చివర నీళ్ల ట్యాంకు మీద ఎగిరే జెండా ఏ పార్టీదో తెలుస్తుంది. సాయంత్రం పూట ఇంటికి ఎవరొచ్చినా నేను టీ పెట్టేలోపు మేడెక్కించి ఆ జెండా చూపించి తీసుకొస్తాడు. లైటు తనే కనిపెట్టినంత సంబరం. నా కాళ్ల కింద ఏముందో మాత్రం ఆ లైటుకు ఎప్పుడూ పట్టలేదు.

నాకు షుగరు వచ్చినప్పుడు డాక్టరు రోజూ నడవమన్నాడు. పొద్దున గేదెల పని, వంట. పగలు నడుద్దామంటే మా రొంపిచెర్ల వైపు ఎండ సంగతి తెలిసిందే. చివరికి పాలకేంద్రంలో పాలు పోసి వచ్చాక, పొద్దుగూకే వేళకు కాలవ వంతెన దాకా నడిచి రావడం అలవాటు చేసుకున్నాం. నన్ను ఒంటరిగా పంపడం ఇష్టం లేక ఆయనా వచ్చేవాడు. వచ్చేవాడంటే, ముందు నడిచేవాడు.

మా ఊళ్లో మొగుడూ పెళ్లాం పక్కపక్కన నడవరు. నడవకూడదని ఎవరూ చెప్పలేదు, నడిచినవాళ్లు లేరంతే. పెళ్లికి వెళ్లినా, ఆస్పత్రికి వెళ్లినా, ఓటు వేయడానికి వెళ్లినా ఆయన ముందు, నేను వెనక. ఆయన మాట్లాడేది కూడా ముందుకే మాట్లాడతాడు. గాలి ఇటు తిరిగితే నాకు వినపడుతుంది, లేకపోతే లేదు. నేను "ఊ" కొట్టినా కొట్టకపోయినా ఆయనకు తేడా ఉండేది కాదు.

బడి దాటితే వీధిలైట్లు ఉండవు. అక్కడి నుంచి ఆయన ఆ పొడుగాటి లైటు వేసేవాడు. వెలుతురు తిన్నగా పోయి కాలవ కట్ట మీద పడేది. వంతెన గోడ మీద ఎవరో రాసిన అక్షరాలు కూడా కనపడేవి. నేను మాత్రం ఆయన తెల్ల చొక్కాను గుర్తు పెట్టుకుని చీకట్లో నడిచేదాన్ని.

ఒకరోజు బడి అవతల కుళాయి పైపుల కోసం తవ్విన గుంతలో కాలు పడి మడత పడింది. పెద్దగానే అరిచాను. ఆ పూట గాలి ఎటు తిరిగిందో ఏమో, ఆయనకు వినపడలేదు. మిరప ధర గురించి నాతో మాట్లాడుతూనే పోయాడు. నేను గుంత అంచున కూర్చుని, చీలమండ పట్టుకుని, దూరమవుతున్న ఆ మాటలు వింటూ ఉన్నాను. ఏదో అడిగి జవాబు రాకపోయేసరికి వెనక్కి తిరిగి లైటు వేశాడు. అది సరిగ్గా నా కళ్లలో పడింది. కాలి నొప్పికి రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

నన్ను ఎత్తుకొచ్చినంత పని చేశాడు, ఆ మాట దాచను. రాత్రంతా కాపడం పెట్టాడు. కానీ తెల్లారి చుట్టాలొచ్చి పరామర్శిస్తుంటే, "ఆ చెప్పులు జారుడుగా ఉంటయ్, మార్చవే అని ఎప్పటినుంచో చెప్తన్నా" అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది. తప్పు చెప్పులదట!

ఆ తర్వాత నడక మానేశాను. కాలు తగ్గాక కూడా మానేశాను. షుగరు పెరిగింది. నరసరావుపేటలో డాక్టరు రిపోర్టు చూసి, "ఇట్లాగే ఉంటే వచ్చే నెల నుంచి సూది వేసుకోవాలమ్మా" అన్నాడు. సూదంటే నాకు భయమే. కానీ అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. వెనకాల పడిపోతే ముందున్న మనిషికి తెలియదన్న భయం అది. దాన్ని ఏ డాక్టరుకు చెప్పుకుంటాం?

ఆస్పత్రి బయటికి వచ్చాక మా ఆయనే అన్నాడు, "నీకొక చిన్న లైటు కొంటా పద. జేబులో పట్టేది."

ఎలక్ట్రికల్ షాపులో అడుగుపెట్టగానే ఆయన ప్రశ్న ఆయన వేశాడు. షాపతను ఉత్సాహంగా అరచెయ్యంత లైటు తీసి, "దీని ఫోకస్ చూడు బాబాయ్, సన్నగా పోయి చానా దూరం కొట్టిద్ది" అన్నాడు.

"దూరం నాకెందుకయ్యా? నా కాళ్ల కాడ ఎంత మేర పరుచుకుంటదో అది చెప్పు" అన్నాను.

షాపతను నా వైపు తిరిగాడు. అప్పటిదాకా లైటు నాకని అతనికి తెలియదు. ఇంకోటి తీశాడు. ఇది దూరం పోదట, దగ్గరలోనే వెడల్పుగా పడుతుందట. మిట్టమధ్యాహ్నం వీధిలోకి వేసి చూపిస్తే రెండూ ఒకటిగానే ఉన్నాయి. నాకు చీకట్లో చూపించమన్నాను. పాపం, విసుక్కోకుండా మమ్మల్ని వెనక గోడౌన్లోకి తీసుకెళ్లి తలుపు వేసి, ట్యూబులైటు ఆర్పాడు.

మొదటిది వేశాడు. ఎదురు గోడ మీద పళ్లెమంత తెల్లటి చుక్క. అక్కడున్న ఫ్యాను డబ్బా మీద బొమ్మ స్పష్టంగా తెలుస్తోంది. మేము ముగ్గురం మాత్రం ఒకరికొకరం కనపడలేదు. "అబ్బ!" అన్నాడు మా ఆయన చీకట్లోంచి.

రెండోది వేశాడు. గోడ సగం చీకట్లో ఉండిపోయింది. నేల మాత్రం చాప పరిచినట్టు వెలిగింది. వైరు చుట్టలు, ఊడిపోయిన తాడు, నా చెప్పులు, వాటి పక్కన మా ఆయన చెప్పులు. ఇన్నేళ్ల కాపురంలో మా ఇద్దరి కాళ్లూ ఒకే వెలుతురులో పక్కపక్కన ఉండగా చూడటం అదే మొదటిసారి అనిపించింది. ఆయన బొటనవేలి గోరు చిట్లి ఉంది. అది ఎప్పుడు చిట్లిందో నాకు తెలియదు.

"ఇదే కావాలి" అన్నాను.

"ఇది దేనికే, దేవుడి గదిలో పెట్టుకోను కూడా చాలదు" అన్నాడు ఆయన. షాపతను మధ్యేమార్గంగా మెడ తిప్పే లైటు ఒకటి తెచ్చాడు. ఇటు తిప్పితే దూరం, అటు తిప్పితే దగ్గర. మా ఆయన మొహం వెలిగిపోయింది.

"అది మా ఇంట్లోకి వద్దయ్యా. మెడ ఈయన చేతిలో పెడితే ఎప్పుడూ దూరమే చూసిద్ది" అన్నాను. షాపతను నవ్వు ఆపుకోలేకపోయాడు. మా ఆయన మొహం మాడ్చుకుని జేబులో చెయ్యి పెట్టాడు.

కొన్నాక అసలు తిరకాసు మొదలైంది. మొదటి సాయంత్రం అలవాటు ప్రకారం ఆయన లైటు పట్టుకుని ముందు నడిచాడు. వెలుతురు ఆయన చుట్టూ, నేను మళ్లీ చీకట్లో. ఆగిపోయాను.

"ఏందే, ఆగావేంది?"

"లైటు నీ కాడుంది. నేను చీకట్లో ఉన్నా."

సరేనని నన్ను ముందు నడవమని వెనక నుంచి వేశాడు. నా నీడ నా ముందే పడి దారి మూసేసింది. లైటు నాకిచ్చి నువ్వు వెనక రా అన్నాను. పెళ్లాం లైటు పట్టుకుని ముందు పోతుంటే వెనకాల నడవడమా అన్నట్టు చూశాడు. ఇక మిగిలింది ఒక్కటే దారి. ముందుకీ వెనక్కీ చూసి, రోడ్డు మీద ఎవరూ లేరని నిర్ధారించుకుని, నా పక్కకు వచ్చాడు.

పక్కన నడవడం ఆయనకు రాదు. తొందరగా అడుగేస్తాడు, మళ్లీ ఆగుతాడు, భుజం తగిలితే ఉలిక్కిపడతాడు. వెనక నుంచి బైకు శబ్దం వస్తే చాలు, లైటుతో సహా రోడ్డు అవతలికి దూకేవాడు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. రానురాను ఆయన మాట పూర్తిగా వినపడటం మొదలైంది. నేను జవాబు చెబితే ఆయన మళ్లీ అడగడం మొదలైంది. నా మొగుడు ఇంత నెమ్మదిగా మాట్లాడగలడని నాకు తెలియదు. ఆ నడక కోసం పొద్దున్నుంచే ఎదురుచూసేదాన్ని. చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

కాకపోతే ఇదంతా బడి అవతలి సంగతి. ఇటువైపు పాలకేంద్రం బల్ల మీద మగవాళ్లు కూర్చుంటారు. మేం జంటగా వాళ్ల కంట పడకూడదని, పోయేటప్పుడు ఆయన ముందు వెళ్లేవాడు, వచ్చేటప్పుడూ బడి దగ్గర నన్ను వదిలేసి ముందు నడిచేవాడు. అక్కడ వీధిలైట్లు ఉండేవి కాబట్టి నేనూ ఏమీ అనలేదు.

ఒకరోజు మేము వంతెన నుంచి తిరిగి వస్తుండగా కరెంటు పోయింది. బడి గుంత పూడ్చేసి, పాలకేంద్రం ముందు కొత్తగా తవ్వి పెట్టారు. పోయేటప్పుడు చూశాను, రోడ్డు సగం దాకా ఉంది. ఊరంతా చీకటి. బడి దగ్గర ఆయన ముందు వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. పక్కనే నడుస్తున్నాడు.

బల్ల మీద ఫోన్ల వెలుగులు మా వైపు తిరిగాయి. వరసకు నాకు తమ్ముడయ్యేవాడి గొంతు వినపడింది. "ఏంది బావా, కొత్త పెళ్లికొడుకులా అక్కతో జంటగా బయల్దేరావ్!"

అందరూ నవ్వారు. వెనక్కి తగ్గింది ఆయన కాదు, నేను. నా కాళ్లే అలవాటుగా ఆగిపోయాయి. చూసుకోకుండా ఆయన నాలుగడుగులు ముందుకు వెళ్లాడు, వెలుతురూ ఆయనతో పోయింది. ఎడమ పక్క ఎక్కడో గుంత ఉంది. ఎంత దగ్గరో తెలియదు. పిలవాలంటే ఇంతమంది మగవాళ్లు, నోరు రాలేదు. నేను పక్కన లేనని ఈసారైనా ఆయనకు తెలుస్తుందా అని అలాగే నిలబడ్డాను.

ఆయన ఆగాడు. నేను ఏమీ అనకుండానే ఆగాడు. అందరూ చూస్తుండగా వెనక్కి వచ్చి, లైటు నా కాళ్ల ముందు పట్టాడు. గుంత అంచు నా చెప్పుకు జానెడు దూరంలో ఉంది.

"ఇది దూరం పోదురా" అన్నాడు బల్ల వైపు తిరిగి. "పోయినసారి దూరం చూసుకుంటా పోయి మీ అక్కని గుంతలో వదిలేసిపోయా."

ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి. నేను అందరి ముందే ఆయన చెయ్యి పట్టుకుని గుంత పక్క నుంచి దాటాను. దాటాక కూడా ఆయన వదిలించుకోలేదు.