బొమ్మకి బరకం

గుంటూరులో నా నీటిరంగుల బొమ్మల మొదటి ప్రదర్శన పెట్టినప్పుడు నాకు కావాల్సింది ఒక్కటే. మా నాన్న ఒక్క బొమ్మ ముందైనా ఆగాలి. ఆయన మిరప రైతు. కాగితం తడుపుకుంటూ కూర్చోవడం కూడా ఒక పనేనని ఏనాడూ ఒప్పుకోలేదు.

ఆదివారం పొద్దున మా ఊరి నుంచి ట్రాలీ ఆటోలో దిగాడు. వెంట పెదనాన్న, ఇంకొందరు ఊరివాళ్లు, అందరూ ఇస్త్రీ చొక్కాల్లో. లోపలికి రాగానే నాన్న పెళ్లిలో భోజనాలు ఎక్కడ పెడుతున్నారో వెతుక్కునేవాడిలా చకచకా నడిచాడు. అన్నీ దాటాడు. చివరి బొమ్మ ముందు ఆగిపోయాడు.

అది నేను ప్రాణం పెట్టి వేసిన బొమ్మ. కల్లంలో ఆరబోసిన మిరపకాయలు, పైన నల్లటి మబ్బు. తడి కాగితం మీద రంగు వదిలితే దానంతటదే పాకి అలా కుదిరింది. మళ్లీ వెయ్యమంటే నా వల్ల కాదు.

"ఎవరియ్యి ఈ కాయలు?" అన్నాడు.

"మనవే నాన్నా. మన కల్లమే."

"మనయ్యా? మీద అంత మబ్బు పెట్టుకుని, బరకం ఏదమ్మా కప్పడానికి? చెరిపెయ్ ఆ మబ్బుని."

"చెరగదు నాన్నా. అయినా అది నేను వేసింది కాదు, నీళ్లు వేశాయి."

"నేననేదీ అదేగా, నీళ్లు పడతాయని!"

పెదనాన్న కలగజేసుకున్నాడు. "ఒరేయ్, అది కురిసేది కాదురా, గాలికి పోద్ది." తూర్పున లేచింది, పోదు అన్నాడు ఇంకొకాయన. బొమ్మలో తూర్పు ఎటని అందరూ నావైపు తిరిగారు. నాకు తెలీదు. తూర్పేదో తెలీకుండా బొమ్మ ఎట్టా వేశావే అని తిట్టారు. మిగతా బొమ్మల్ని ఒక్కరూ చూడలేదు.

ఇంతలో ఒక డాక్టరు గారు ఆ బొమ్మే కొంటానన్నారు. నాన్న అడ్డం వెళ్లాడు.

"వద్దండి డాక్టరు గారూ. తడిసే కాయ. తెల్లబడి తాలు కింద పోద్ది, సగం ధర కూడా రాదు. మా అమ్మాయి వేసిందని మిమ్మల్ని మోసం చెయ్యలేను."

డాక్టరు గారు మబ్బు వంక అనుమానంగా చూసి, ఆలోచించుకుని చెబుతానని వెళ్లిపోయారు.

నేను భోంచేసి వచ్చేసరికి బొమ్మ మీద ఆటోలోంచి తెచ్చిన నీలం ప్లాస్టిక్ బరకం కప్పి ఉంది. దాని తాడు పక్క బొమ్మ మేకుకి కట్టారు. గ్యాలరీ చూసుకునే మేడమ్ గారికి ఏడవడం ఒక్కటే తక్కువ.

"సార్, ఇలా చెయ్యకూడదండీ."

"తడిస్తే డబ్బు మీరిస్తారా అమ్మా?"

నాకు ఒళ్లు మండిపోయింది. "అది కాగితం నాన్నా! అందరి ముందూ నా పరువు తీశావు" అని అరిచాను.

నాన్న గొంతు తగ్గించాడు. "కాగితమని నాకు తెలీదా? నేనేమన్నా పిచ్చోణ్ణా? కాయలన్నీ వదిలేసి ఒక్క మనిషన్నా లేడే అందులో. నేనెక్కడికి పోయాను?"

మబ్బు పట్టిన ఆ రోజు నేను డాబా మీద కూర్చుని బొమ్మ వేసుకుంటుంటే ఆయన కింద కల్లంలో ఒక్కడే బరకాలు లాగుతున్నాడు. బొమ్మకి అడ్డమని ఆయన్ని వదిలేసింది నేనే. బరకం తియ్యడానికి ఇక నాకు చేతులు రాలేదు. ప్రదర్శన అయ్యేదాకా అలాగే ఉంచాను.

ఇంటికొచ్చాక ఫ్రేము ఊడదీసి, ఓ మూల బనీనుతో పరిగెత్తుతూ బరకం లాగుతున్న నాన్నని వేశాను. కొత్త తడి తగిలి మబ్బు అంచు పాడైంది. బొమ్మలు తెలిసినవాళ్లెవరైనా చూస్తే నెత్తీ నోరూ బాదుకుంటారు.

నాన్న కళ్లజోడు తెచ్చుకుని కూర్చున్నాడు. నేను చేసిన దేన్నీ ఆయన అంతసేపు చూడలేదు.

"బరకం అంచున రాయి పెట్టమ్మా," అన్నాడు. "గాలికి లేస్తది."

పెట్టాను.