కృపానందం గారి అప్పగింతలు

పటమటలో అకౌంట్లు రాసే కృపానందం గారికి ఏదీ ఊరికే ఇవ్వడం చేతకాదు. ఏది ఇచ్చినా ఆడపిల్లను అత్తారింటికి పంపినట్టు అప్పగింతలు పెట్టాల్సిందే. గొడుగు అరువిచ్చినా, "దీనికి ఎడమ ఊచ సున్నితమండీ, గాలికి ఎదురుపెట్టకండి" అంటూ వీధి చివరిదాకా వెంట వచ్చేవారు. పాత స్కూటర్ అమ్మిన రోజు, కొన్నవాడు మలుపు తిరిగిపోయాక కూడా "పొద్దున్నే స్టార్ట్ కాకపోతే దాన్ని కసురుకోకు బాబూ" అంటూ చెయ్యి ఊపుతూనే ఉన్నారట.

అలాంటి మనిషి పని మానుకుంటూ, తన క్లయింట్లందరినీ కుర్ర అకౌంటెంట్ వినీలకు ఇస్తానన్నారు. ఆయన మాట నమ్మి వినీల ఉన్న ఉద్యోగం వదిలేసి, పక్క వీధిలో గది అద్దెకు తీసుకుంది. క్లయింట్లు నిలిస్తేనే ఆ గది నిలుస్తుంది. వాళ్ళ జీఎస్టీ పాస్‌వర్డులు చేతికొస్తే సాయంత్రానికల్లా పని తెమిలిపోతుందని పాపం అమాయకంగా అనుకుంది.

"పాస్‌వర్డులు ఎక్కడికి పోతాయమ్మా? ముందు మనుషుల్ని చూడాలి, పద," అన్నారాయన.

హనుమాన్ జంక్షన్‌లో టైర్ల కొట్టు రామకోటేశ్వరరావు చెయ్యి పట్టుకుని వినీల చేతిలో పెట్టారు. ఇద్దరికీ గ్రీజు అంటింది.

"బిల్లులు ఎప్పుడూ ఆలస్యంగా పంపుతాడమ్మా. మనసు మాత్రం మంచిది, విసుక్కోకు."

"నేనిక్కడే ఉన్నానండీ," అన్నాడు రామకోటేశ్వరరావు.

"నీ గురించి చెబుతుంటే మధ్యలో నీకెందుకయ్యా?"

మంగళగిరి చీరల కొట్టులో సంపూర్ణమ్మ గారిని అప్పగించేటప్పుడైతే కళ్ళు కూడా తుడుచుకున్నారు. ఎక్కడికి వెళ్ళినా చివర్లో వినీలను ఆటోలో కూర్చోమని, తనొక్కరే లోపల చాలాసేపు గుసగుసలాడేవారు. ఏమిటని అడిగితే "పెద్దవాళ్ళ మాటల్లే" అని దాటేసేవారు. ఇచ్చినట్టే ఇచ్చి మళ్ళీ వెనక్కి లాక్కుంటున్నారేమోనని వినీలకు గుబులు పట్టుకుంది.

ఆ గుబుల్లోనే మొదటి నెల కొంప ముంచింది. టైర్ల లెక్క చీరల కొట్టు పేరు మీద, చీరల లెక్క టైర్ల కొట్టు పేరు మీద జీఎస్టీకి పంపేసింది. ప్రభుత్వం దృష్టిలో సంపూర్ణమ్మ గారు లారీ టైర్లు అమ్మారు, రామకోటేశ్వరరావు జరీ అంచు చీరలు అమ్మాడు. ఈ ఇద్దరూ వెళ్ళిపోతే, వాళ్ళను చూసి మిగతావాళ్ళూ పోతారు. గుండె చిక్కబట్టుకుని మంగళగిరి బస్సెక్కి, సంగతంతా సంపూర్ణమ్మ గారికి చెప్పేసింది.

"వచ్చే నెల రిటర్న్‌లో సరిచేస్తానండీ. మీరు వేరే అకౌంటెంట్ దగ్గరికి వెళ్తానన్నా నేనేమీ అనుకోను."

"వెళ్ళడం ఎక్కడమ్మా? గట్టిగా తిట్టడానికే లేదు. ఏడాదిదాకా పిల్లను ఒక్క మాట అననని కృపానందం గారు నా దగ్గర మాట తీసుకున్నారు. 'ఉద్యోగం వదులుకుని వచ్చింది, తప్పొప్పులుంటే కడుపులో పెట్టుకోండి, మీ చేతుల్లో పెడుతున్నా' అని ఒకటే కళ్ళనీళ్ళు. టైర్ల కొట్టాయన దగ్గరా అంతేనట."

వినీలకు అప్పుడు వెలిగింది. ఇంతకాలం ఆయన తిరిగిందంతా తనను అప్పగించడానికా! నవ్వొచ్చింది, ఆయన మీద బోలెడంత ప్రేమొచ్చింది. వెంటనే ఫోన్ చేసింది.

"సార్, అప్పగించింది నన్నా?"

"మరి? వాళ్ళు పాతకాపులు, ఎక్కడైనా బతికేస్తారు. కొత్తపిల్లవి నువ్వు," అని ఆయన గొంతు తగ్గించారు. "ఇంతకీ భోజనం పెట్టారా అక్కడ? పెట్టకపోతే చెప్పు, నేనొచ్చి మాట్లాడతాను."

పక్కనుంచి వింటున్న సంపూర్ణమ్మ గారు గబగబా లేచి విస్తరి వేశారు. "పెట్టానని చెప్పవే తల్లీ. నిజంగానే వచ్చేస్తారాయన."