మిగిలిన అన్నం బరువు

ఇందుమూలంగా నర్సీపట్నం పురజనులందరికీ తెలియజేయడమేమనగా, మా ఇంట్లో అన్నం గిన్నె ఇకమీదట రాత్రి భోజనాలవగానే ఖాళీగా బోర్లించబడును. వీధి కుక్కలు ఆశ పెట్టుకోరాదు. కారణం, ఆ గిన్నెలో మిగిలింది తినే మనిషి మొన్న మంగళవారం పొద్దున్న, కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే గుండె ఆగి పోయారు. మా అత్తగారు.

నేను ఇల్లరికపు అల్లుణ్ణి. పదో క్లాసు రెండుసార్లు తప్పినవాడికి అంతకంటే మంచి ఉద్యోగం ఎవరిస్తారు? కొత్తగా ఆ ఇంటికి వెళ్ళినప్పుడు, తొంభైల మొదట్లో, ఆవిడ సన్నగానే ఉండేవారు. ఒళ్ళు తర్వాత వచ్చింది. రెండువేల సంవత్సరం దాటేసరికి మోకాళ్ళు పట్టేశాయి. నేలమీద కూర్చోలేక, మేమంతా తిని లేచాక, వంటింట్లో స్టూలు మీద ఒక్కరే తినేవారు.

డాక్టరుగారికి చూపించాం. "వయసు మీదపడ్డాక ఒంట్లో మంట తగ్గుతుందమ్మా. వెనకటిలాగే కట్టెలు తోస్తే మండవు, పేరుకుంటాయి. రాత్రి అన్నం మానెయ్యండి, పొద్దున్నే నడవండి. బరువు దిగితే మోకాళ్ళు మాట వింటాయి" అన్నారాయన.

ఆవిడకి ఒక్కటే ఆశ, మాతోపాటు పీట వేసుకుని బంతిలో కూర్చోవాలని.

మర్నాటినుంచే రాత్రికి అన్నం బదులు చోడంబలి, అదే రాగి జావ, మొదలైంది. తెల్లారకుండానే చీర కింద తెల్ల కేన్వాసు బూట్లు తొడుక్కుని నాతవరం రోడ్డు పట్టేవారు. నేను గుమ్మంలో నిలబడి, "అత్తా, పోలీసు సెలక్షన్లెప్పుడు?" అనేవాణ్ణి.

"పరీచ్చలు తప్పడానికి ఇంట్లో నువ్వొక్కడివి సాల్దా బాబూ" అని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయేవారు.

నెలలు గడిచినా బరువు చూసే మిషను ముల్లు కిందికి దిగలేదు. దొంగతిండేమోనని డాక్టరుగారికి అనుమానం. నేనూరుకుంటానా, పిండివంటల అలమారకి మేక మెడలో గంట తెచ్చి కట్టాను. అది ఒక్కనాడూ మోగలేదు. మోగింది నేను తెరిచినప్పుడే.

ఒకనాడు భోంచేసి, మంచినీళ్ళకని మళ్ళీ వంటింట్లోకి వెళ్ళాను. అంబలి తాగిన గ్లాసు పక్కనే ఉంది. ఆవిడ అన్నం గిన్నె ఒళ్ళో పెట్టుకుని, మిగిలిన అన్నంలో మజ్జిగ పోసుకుంటున్నారు.

"ఇదేటత్తా?"

దొరికిపోయినందుకు సిగ్గేమీ పడలేదు. "పారబొయ్యడానికి సెయ్యి రాదు బాబూ. నీకోసం ఒండిందే. నువ్వు తింతావనుకున్నాను."

నేనెందుకు తింటాను? రోజూ సాయంత్రం బస్టాండు దగ్గర బజ్జీలు మెక్కి వచ్చేవాణ్ణి. ఇంటికొచ్చి మాత్రం, "అత్తా, ఆకలి మీదున్నాను, గట్టిగా వండండి" అని రాజసం ఒలకబోసేవాణ్ణి. అల్లుడికి చాలలేదంటే నామోషీ అని ఆవిడ ఇంకో గిద్దెడు బియ్యం వేసేవారు. నేను నాలుగు మెతుకులు కెలికి లేచిపోయేవాణ్ణి. బజ్జీలు తిన్నది నేను, ఒళ్ళొచ్చింది ఆవిడకి.

ఆ రోజుతో బజ్జీలు బంద్ అన్నాను. ఒక ముసురు ఆదివారం నిజంగానే ఆకలితో ఇంటికొచ్చాను. అత్తని రెక్క పట్టుకుని తీసుకొచ్చి, ఎత్తు పీట వేసి, నా పక్కన కూర్చోబెట్టాను. కాళ్ళు చాపుకునే కూర్చున్నారు. ఆనపకాయ కూర ఎక్కువ, అన్నం కాస్త నేనే వడ్డించాను. మిగిలిందంతా తిని, గిన్నె ఆవిడ ముందు వొంచి చూపించాను.

"నువ్వు తిన్నాక దీని అడుగు ఇలాగుంటాదేటి" అని నవ్వారు.

అయ్యా, ఆ ఆదివారం అబద్ధం. మిగతాదంతా జరిగింది, అదొక్కటే నేను అల్లింది. రేపట్నుంచి మానేస్తాను అత్తా అని చాలాసార్లు అన్నాను. ఆవిడా చాలాసార్లు నమ్మి, బియ్యం తగ్గించకుండానే వండారు.

పోయే ముందు రోజు, సోమవారం సాయంత్రం కూడా బజ్జీలు తినే వచ్చాను. రాత్రి నాలుగు మెతుకులు కెలికి లేచి చేయి కడుక్కుంటుంటే వంటింట్లో స్టూలు లాగిన చప్పుడు, ఆ వెనకే గిన్నె అడుగున గరిట గీకిన చప్పుడు వినబడ్డాయి. తువ్వాలు తీసుకుని మూతి తుడుచుకున్నాను.