నాన్న చెక్కిన కోరంగి ఓడ

నిన్న గరాజ్ సర్దుతుంటే నాన్న చెక్కిన టేకు ఓడ దొరికింది. ఎనభైల్లో నాతో పిస్కాటవే స్కూల్లో చదివినవాళ్లకి ఆ ఓడల ప్రాజెక్ట్ గుర్తుందా? క్లాసంతా తెల్లవాళ్లు అమెరికాకి వచ్చిన మేఫ్లవర్ ఓడే చేసింది. నాన్న మాత్రం "మా తాత కోరంగిలో కట్టిన ఓడ ఇలాగే ఉండేదమ్మా, బర్మా దాకా వెళ్లేది" అంటూ నెలరోజులు కూర్చుని దీన్ని చెక్కాడు.

"ఇండియన్లు ఓడలు కట్టేవారా?" అని, అది మా ముత్తాత కట్టిన ఓడలాంటిదని నేను చెప్పగానే టీచర్ నవ్వింది. క్లాసూ నవ్వింది.

"నో, మా డాడీ ఊరికే కల్పించాడు" అన్నాను.

ఓడను మోసుకొచ్చిన నాన్న నా వెనకాలే నిలబడి ఉన్నాడు.

ఆ తర్వాత ఆయన ఓడల మాటెత్తలేదు. ఇప్పుడు ఆయనే లేడు.

నిన్న నా కూతురు దాన్ని చేతిలోకి తీసుకుని "మామ్, ఈ షిప్ పేరేంటి?" అని అడిగింది.

నాకు తెలియదు. చెప్పగలిగిన మనిషిని అబద్ధాలకోరును చేసింది నేనే.