మూత మీది మొదటి ముద్ద

రంగూన్ పబేడాన్ బజార్లో పసుపు బేరమాడుతుంటే నా కూతురు ఫోన్ చేసింది. "అమ్మా, తాతమ్మ లేవట్లేదే." తామ్వేలోని మా ఇల్లు చేరేసరికి మా మామ్మ చేతులు చల్లబడిపోయాయి. తొంభై దాటిన మనిషి, అనుకున్నదేలే అన్నారందరూ. నేను మాత్రం అనుకోలేదు. అమ్మానాన్నలు పోయాక నాకు మిగిలిన పెద్దదిక్కు ఆమే.

ఇక్కడి బర్మా ఇళ్ళలో అన్నం వడ్డిస్తే మొదటి ముద్ద ఇంటి పెద్దకి. పెద్ద ఇంట్లో లేకపోతే గిన్నె మూత మీద తీసిపెట్టి, అప్పుడు మిగతావాళ్ళు తింటారు. ఆ అలవాటు మాకూ అబ్బింది. మా ఇంట్లో పెద్ద మామ్మే, అయినా తన ముద్ద మూత మీదే పెట్టించేది.

"నాకన్నా పెద్దోడున్నాడు గదా" అనేది.

ఆ పెద్దోడు ఆమె అన్న. సేక్కాన్ రేవులో బియ్యం బస్తాలు మోసేవాడు. యుద్ధం రోజుల్లో ఇండియాకి స్వాతంత్ర్యం తెస్తామని రంగూన్ వచ్చిన ఫౌజులో చేరి ఇంఫాల్ వెళ్ళాడు. అక్కడ ఓడిన ఫౌజు వానల్లో, జ్వరాలతో వెనక్కి నడిచింది. నెలలు గడిచినా కబురు లేదు. ఇక లేడనుకుని ఇంట్లో దినకార్యం చేసేశారు. ఏటి ఒడ్డున పిండం పెట్టి, భోజనాలు కూడా అయ్యాక, మాసిన గడ్డంతో గుమ్మంలో నిలబడ్డాడట.

"ఏటి, ఎవుడు సచ్చిపోనాడు?" అని అడిగాడట.

జ్వరం పూర్తిగా తగ్గకుండానే మళ్ళీ వెళ్ళాడు. తెల్లవాళ్ళని ఐరావతి దాటనివ్వకూడదని పోరాడారు, ఆపలేకపోయారు. తర్వాత పోపా కొండ దగ్గర పోరు. తిరిగొచ్చిన తోటివాడు "కొండకాడి వరకు నాతోటే ఉన్నాడు, ఆయెనక అగుపడలేదు" అన్నాడు. పెద్దలు మళ్ళీ కర్మ మాట ఎత్తితే అప్పటికి చిన్నపిల్లైన మామ్మ అడ్డం పడింది.

"ఓపాలి తొందరపడీసినాం. సాలదేటి?"

నా చిన్నప్పుడు చేటలో బియ్యం ఏరుతూ ఆ యుద్ధాలన్నీ చెప్పేది. అన్న చనిపోయాడని మాత్రం ఒక్కసారీ అనలేదు. "ఇంకా రాలేదు" అనేది. ఈమధ్య కూడా "నూరు దాటుంటాయి మామ్మా మీ అన్నకి" అని ఏడిపించేదాన్ని. తలెత్తకుండానే, "దాటనీ. నాకు లేదేటి ఓపిక?" అనేది. మూత మీది ముద్ద చల్లారాక తనే తినేది. ఆమె మీద ఎంత బెంగగా ఉందో, ఎన్నడూ చూడని ఆ తాత మీదా అంతే బెంగగా ఉంది.

మామ్మ దినకార్యంలో పంతులుగారు నెమ్మదిగా అడిగారు. "ఆ అన్నగారికీ ఓ పిండం పెట్టీమంటారా అమ్మా? పాపం, ఇద్దరికీ శాంతి." న్యాయమైన మాటే. ఒప్పుకుందామనే నోరు తెరిచాను. చివరికి మామ్మ పిండం ఒక్కటే పెట్టించాను.

ఆ సాయంత్రం మా పొయ్యి మీద అన్నం ఉడికింది. కూతురు మొదటి గరిటె నా పళ్ళెం వైపు తెచ్చింది.

"ఇప్పుడు నువ్వే పెద్ద గదా, అమ్మా."

నేను పళ్ళెం పక్కకి జరుపుకున్నాను. పిల్ల నా ముఖంలోకి చూసి, గిన్నె మూత తిరగేసి, ఆ అన్నం దాని మీద పెట్టింది. ముద్ద మీంచి ఆవిరి పోయేదాకా ఇద్దరం గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాం.