ఇంజన్‌కు మంచినీళ్లు

మొన్న చెల్లె శోభతో కలిసి షాద్‌నగర్‌లో బస్సు దిగి నడుస్తుంటే, రోడ్డు వారన రేకుల షెడ్డులో ఎవరిదో పికప్ బండి ఇంజన్ విప్పి పెట్టి ఉంది. మాడిన నూనె, ఉడికి ఉడికి కుళ్లిన నీళ్లు, వాటి మీద డీజిల్, ఆ మూడూ కలిసిన వాసన తగలగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. "ఏందక్కా, నడిబజార్ల గట్ల మొకం వెడ్తవ్?" అని శోభ నోరంతా తెరిచి నవ్వింది. నేనూ నవ్వాను, ఎప్పటిలాగే చేత్తో నోరు మూసుకుని.

ఆ వాసన వెనక ఒక సంగతి ఉంది. మా ఇంట్లో పెళ్లయినా పురుడయినా, నలుగురు కూర్చున్న చోట బాపు ఆ సంగతిని తనకు అనువైన చోట మొదలుపెట్టి, తనకు అనువైన చోట ఆపుతాడు. చిన్నబిడ్డ కోసం నల్లగొండ నుంచి బండిలో మంచినీళ్లు మోసుకొచ్చిన తండ్రి అని చుట్టాలు మెచ్చుకుంటారు. అమ్మ విస్తళ్లు ఎత్తుతూ ఉంటుంది. ఇప్పుడిప్పుడే పెద్దవుతున్న పిల్లలు కూడా అదే నిజమని నేర్చుకుంటున్నారు. అందుకే, మొదటి సగం తెలిసినవాళ్లం బతికి ఉండగానే, జరిగింది జరిగినట్టు కాగితం మీద పెట్టాలనుకున్నాను. నేను పదో తరగతి దాటలేదు. మిగిలిన చదువంతా మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయంలో, కిటికీ పక్కనున్న కుంటి బల్ల మీద అయింది. ఆ చదువంటే నాకు గర్వమే.

మా ఊరు నల్లగొండకు దక్షిణాన, నల్లరాతి గుట్టల నడుమ ఉంటుంది. బత్తాయి తోటలు ఒక ఏడు పచ్చగా, మూడేళ్లు ఎండి కట్టెలుగా కనిపించేవి. తాగడానికి బోరింగు నీళ్లే. ఆ నీళ్లతో పప్పు ఉడికేది కాదు, సబ్బు నురగ వచ్చేది కాదు, బిందె అడుగున సున్నం పూసినట్టు తెల్లటి పొర కట్టేది, దాన్ని ఇటుక ముక్కతో గీకడం సెలవురోజు పొద్దున ఆడపిల్లల పని. మా బడిలో ఏ పిల్లను నవ్వమన్నా పళ్ల మీద గోధుమరంగు చారలే, తుప్పు పట్టిన రేకు మీద వాన కారినట్టు. మా అవ్వకు మెడ తిరిగేది కాదు. ఎవరైనా పిలిస్తే ఎడ్లబండి మళ్లినట్టు మనిషి మొత్తం మళ్లేది. వాకిట్లో మేం కచ్చకాయలాడుతుంటే ఎవరు తొండి చేశారో చూడడానికి కూడా ఆమె కుక్కి మంచం మీద కాళ్లు ఇటు వేసి, అటు వేసి, తీరా మళ్లేసరికి ఆట అయిపోయేది. ఇవన్నీ మాకు ఎండాకాలం ఉక్కపోతలాంటివి, ఎవరూ వాటిని జబ్బు అనలేదు.

తొంభైల చివర్లో బాపు పాత పికప్ బండి ఒకటి కొన్నాడు. చుట్టుపక్కల ఊళ్ల పాల క్యాన్లు ఎత్తుకుని పొద్దున్నే నల్లగొండ పాలకేంద్రానికి చేర్చడం ఆయన పని. వెనక తలుపు మీద ఎర్ర అక్షరాలతో 'టర్బో' అని రాసి ఉండేది. ఆ మాటకు అర్థం ఊళ్లో ఎవరికీ తెలియదు కానీ, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ వేసే సన్నటి ఈల వినడానికి బాపు అవసరం లేని చోట కూడా తొక్కేవాడు. ఇంజన్ వదిలే పొగతోనే ఒక చిన్న చక్రం తిరిగి, ఆ చక్రం లోపలికి గాలిని కూరుతుందని, అందుకే బలం ఎక్కువ, వేడీ ఎక్కువ అని గ్రంథాలయంలో చదివి వచ్చి చెప్పాను. "లైబ్రరీ మేడం ఒచ్చిందిరా, బండికి పాఠం జెప్పుతది" అని బాపు ఊరి మగవాళ్లతో కలిసి నవ్వాడు. వాళ్ల నోళ్లలో జర్దా, ఆ నవ్వుతో పాటు నేల మీద ఎర్రటి ఉమ్ములు. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

ఆ ఏడు రేడియేటర్‌కు చిన్న చిల్లు పడింది. అతుకు పెట్టించడానికి బండిని ఒక పూట ఆపాలి, బాపు ఆపడు. మా వైపు డ్రైవర్లందరికీ తెలిసిన వైద్యం ఒకటుంది, అదే చేశాడు. అమ్మ బతుకమ్మ కోసం దంచి పెట్టుకున్న పసుపు దోసిలితో తీసి రేడియేటర్‌లో పోశాడు. చిల్లు మూసుకుంది. నాలుగు రోజులకు మళ్లీ కారితే రెండు కోడిగుడ్లు కొట్టి పోశాడు. అదీ పనిచేసింది. రోజూ బోరింగు నీళ్లు నింపడం మాత్రం మామూలే.

ఎంగిలిపూల బతుకమ్మ ముందురోజు, ఊరికి రెండు గుట్టల అవతల బండి ఆగిపోయింది. ఎడ్లతో లాగించుకుని వచ్చేసరికి పొద్దు నడినెత్తికి ఎక్కింది. క్యాన్లలో పాలు విరిగి, మూతల సందుల్లోంచి పసుపచ్చని నీరు కారుతోంది. వాకిలి ముందు మురికికాలువలో వాటిని పారబోస్తే కుక్కలు మూతి పెట్టి తీసేసుకున్నాయి. తంగేడు పూల వాసన, సత్తుపిండి కోసం వేయించిన నువ్వుల వాసన, వాటి మీద పులిసిన పాల కంపు పరుచుకుంది. పండుగంతా మా వాడకట్టు ముక్కు మూసుకునే బతుకమ్మ ఆడింది.

మర్నాడు యాకూబ్ భాయ్ వచ్చాడు. నల్లగొండ దారిలో ఆయనకు షెడ్డు ఉండేది. బొజ్జ మీద బనియన్ ఎత్తుకుని, నోట్లో పాన్‌తో, బండిని దాని తల్లి నుంచి మొదలుపెట్టి తిట్టుకుంటూ పనిచేసే మనిషి. మొదట నూనె కొలిచే పుల్ల బయటికి లాగాడు. దాని చివర నల్లనూనె లేదు, చిలికిన మజ్జిగ మీది తెట్టెలాంటిది బూడిదరంగులో అంటుకుని ఉంది. దాన్ని వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని, చప్పరించి, ఉమ్మేశాడు.

"నీళ్లు నూనెల కలిసినయ్ అన్నా. హెడ్డు గ్యాస్కెట్ వోయింది" అన్నాడు.

"మాటతోనే చెప్పొచ్చు గద, నాకుడెందుకు?" అంది అవ్వ మంచం మీంచి.

"అవ్వా, నీ కోడలు కూర రుచి జూడకుండ దించుతదా?"

రేడియేటర్ కింది మర విప్పగానే, పసుపు ముద్దలు, ఉడికిన గుడ్డు తెల్లటి పేలికలు, తుప్పునీళ్లు ధారగా పడ్డాయి. చచ్చిన ఎలుకను పసుపునీళ్లలో ఉడికించినట్టు వాసన. "గిది ఇంజనా, దావత్ గిన్నెనా అన్నా?" అని యాకూబ్ భాయ్ అడిగాడు. చిల్లుతో పాటు నీళ్లు తిరిగే సన్నటి గొట్టాలు కూడా మూసుకుపోయాయి, టర్బో వేడికి ఇంజన్ ఉడికిపోయింది, సంగతి అదే.

పని రెండు రోజులు సాగింది. టర్బో గొట్టాలు, డీజిల్ పైపులు, పై మూత ఒక్కొక్కటిగా విప్పి, వాల్వులను తోసే కడ్డీలను వరస తప్పకుండా చాటలో పరిచిన మట్టిముద్దలో అగరుబత్తుల్లా గుచ్చిపెట్టాడు. విప్పిన సామాను కడగడానికి పెద్ద గిన్నె కావాలంటే, బాపు ఇంట్లోకి వెళ్లి, సద్దుల బతుకమ్మకు పులిహోర కలిపే మా ఇత్తడి గంగాళం తెచ్చి డీజిల్ పోసి ఇచ్చాడు. అమ్మ గడపలోనే నిలబడిపోయింది. తర్వాత చింతపండుతో, బూడిదతో, కుంకుడు రసంతో ఎన్నిసార్లు తోమినా ఆ ఏటి సద్ది డీజిల్ కొట్టింది. బాపు బాగుందనే తిన్నాడు.

బోల్టులన్నీ కొసల నుంచి నడిమికి వదులు చేసి, ఇద్దరు పట్టి ఇంజన్ పైభాగాన్ని, అదే హెడ్డును, పైకెత్తారు. దానికీ కింది బ్లాకుకూ నడుమ, విస్తరాకంత మందాన ఉండే రేకు అట్ట, అదే గ్యాస్కెట్, రెండు సిలిండర్ల మధ్య కాలి తెగి ఉంది. అయితే అందరూ చూసింది దాన్ని కాదు. నీళ్లు పారే రంధ్రాల్లో తెల్లటి గట్టి పొర పేరుకుని, బొటనవేలు దూరాల్సిన చోట చిటికెనవేలు దూరడం లేదు. యాకూబ్ భాయ్ ఉలితో కొడితే అది పెచ్చులుగా రాలింది. మా బిందెల అడుగున నేను గీకే పొరే అది. ఊరి మగవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, ఆ పెచ్చును అరచేతిలో పెట్టుకుని, "అబ్బ, గీ నీళ్లు ఇనుమునే తింటున్నయి గదరా!" అని బండి మీద జాలిపడ్డారు. అలా అన్నవాళ్లలో కాళ్లు వంకర లేకుండా నడవగలిగినవాళ్లు ఎందరని ఎవరూ అడగలేదు.

ఇంజన్‌లో గడ్డకట్టింది సున్నమని, పళ్లనూ ఎముకలనూ తినేది ఫ్లోరైడు అనే వేరే లవణమని, కాచినా అది పోదని నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. రెండూ ఉన్నది మాత్రం ఒక్క బోరింగులోనే.

హెడ్డును లేతు మీద చదును చేయించి, కొత్త గ్యాస్కెట్ పరిచి, ఈసారి నడిమి బోల్టు నుంచి బయటికి బిగించుకుంటూ పోయి, యాకూబ్ భాయ్ చేతులు తుడుచుకున్నాడు. "అన్నా, మళ్ల గీ బోరింగు నీళ్లు పోసినవో, నన్ను పిల్వకు. పాలకేంద్రం కాడ నల్లా ఉన్నది గద, గా మంచినీళ్లు తెచ్చి పొయ్యి" అన్నాడు.

ఆ సాయంత్రమే నీలం డ్రమ్ము వచ్చింది.

ఆ డ్రమ్మును చూసినప్పుడు అమ్మ ముఖం ఎలా ఉందో నాకు గుర్తుంది. శోభ అప్పటికి పాలు మరిచి నీళ్లకు అలవాటుపడుతున్న పిల్ల. నల్లగొండ దవాఖానలో డాక్టరమ్మ, "పసిపిల్లకు బోరు నీళ్లు పొయ్యకండి, పళ్లు, ఎముకలు పాడవుతాయి" అని గట్టిగా చెప్పింది. అప్పటి నుంచి అమ్మ రోజూ, వచ్చేటప్పుడు ఒక్క బిందెడు పాలకేంద్రం నీళ్లు పట్టుకురమ్మని బాపును అడుగుతూనే ఉంది. "ఊరంత తాగుతలేరా? మనం తాగి పెరుగలేదా? బండిల జాగేడిది?" అనేది ఆయన జవాబు. గ్రంథాలయం నుంచి పుస్తకం తెచ్చి ఆ పేరా చదివి వినిపిస్తే, "పుస్తకాల నీళ్లు తాగుపో" అన్నాడు.

అందుకే డ్రమ్ము దిగగానే అమ్మ చెంబు పట్టుకుని వెళ్లింది. బాపు మూత మీద చెయ్యి పెట్టాడు.

"అది ఇంజన్‌కు."

"పిల్లకొక్క చెంబు."

"ఇంజన్ కరాబైతే పిల్లకు ఏం వెడ్తవ్? జర అక్కల్‌తోటి, తెలివితోటి మాట్లాడు."

అమ్మ చెంబుతో వెనక్కి వచ్చేసింది. నాకు ఆ రోజు బాపు మీద కోపం రాలేదు, వెగటు పుట్టింది. కోపం తగ్గుతుంది, ఇది తగ్గలేదు. పొద్దున్నే ఆయన ఆ స్వచ్ఛమైన నీళ్లను చెంబుతో ముంచి, ఒక్క చుక్క కింద పడకుండా, లాలపోసినట్టు రేడియేటర్‌లో పోస్తుంటే, ఇవతల శోభ సత్తుగిన్నెలో బోరింగు నీళ్లు చప్పరిస్తూ కూర్చునేది.

అది నాలుగు రోజులు. అయిదో రోజు బాపు బండి తోలుకుని వెళ్లాక అమ్మ నన్ను పిలిచి బిందె చేతికిచ్చింది. డ్రమ్ములోని నీళ్లు ఇంట్లోని మట్టికుండల్లోకి, బోరింగు నీళ్లు డ్రమ్ములోకి. డ్రమ్ము నిండి వచ్చిన ప్రతిసారీ ఇదే పని. అవ్వ మంచం డ్రమ్ము పక్కకు మారింది, కాపలా. "పొయ్యే బిడ్డా, నిండుగ పొయ్యి. ఇంజన్‌కు నాలికుంటదా రుచి జూడనీకి?" అనేది. ఒక పండుగనాడు నేను కూడా ఆ కుండలోంచి ఒక గ్లాసు అడిగాను. అమ్మ ఇచ్చింది, ఇచ్చి, తల నిమిరి, "నీ పండ్లు అయిపోయినయి బిడ్డా, దానివన్న ఉండనీ" అంది. మళ్లీ అడగలేదు.

కొన్నేళ్లు బండి బాగానే నడిచింది. అవ్వ పోయింది. శోభకు ముందుపళ్లు ఊడి కొత్తవి వచ్చిన ఏడు, ఇంజన్ మళ్లీ ఉడికింది. గడ్డం నెరిసిన యాకూబ్ భాయ్ మళ్లీ మా వాకిట్లో హెడ్డు ఎత్తాడు. అదే కంపు, రంధ్రాల నిండా అదే తెల్లటి పొర.

"నువ్వు చెప్పిన నీళ్లే పోసిన గదరా!" అని బాపు ఆయన మీదికి వెళ్లాడు.

"మంచినీళ్లకు గిట్ల గడ్డ కట్టదన్నా. నా బిడ్డల మీద ఒట్టు" అన్నాడు యాకూబ్ భాయ్.

అమ్మ బియ్యం చాట కింద పెట్టి, శోభను రెక్క పట్టుకుని ఇద్దరి నడుమకు తెచ్చింది. పై పెదవి వేలితో ఎత్తింది. రెండు కొత్త పళ్లు, మల్లెమొగ్గల్లా, ఒక్క చార లేకుండా. "నీ మంచినీళ్లు గీడున్నయ్. సూస్కో" అంది. శోభ భయపడి ఏడుపు మొదలుపెట్టింది. ఆ వాకిట్లో అలాంటి పళ్లు అంతకుముందు ఎవరూ చూడలేదు.

బాపు ఆ పళ్లు చూశాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. అటు తిరిగి, "యాకూబ్, రేపు గ్యాస్కెట్ తెచ్చేటప్పుడు ఇంకో డ్రమ్ము తే" అన్నాడు.

బాపు చెప్పే కథ ఇక్కడ మొదలవుతుంది. నాకు మాత్రం అసహ్యం ఇక్కడే గడ్డకట్టింది, ఎందుకంటే, రెండో డ్రమ్ముకు కావలసిన జాగా ఆ బండిలో మొదటి రోజు నుంచీ ఉంది.

ఇప్పుడు మా ఊళ్లో ఇంటింటికీ నల్లా వస్తోంది. బోరింగు పిడి ఎవరో పాత ఇనుముకు వేసుకున్నారు, దాని గద్దె మీద కోళ్లు పడుకుంటున్నాయి. పసుపు పోసే డ్రైవర్లు లేరు, గంగాళం లేదు, పికప్ బండి పోయి ఎన్నేళ్లయిందో. మెడ మళ్లని అవ్వలు మాత్రం ఇంకా కొందరు మిగిలారు.

ఇది రాయడానికి సాయపడినవాళ్లు ఉన్నారు. ఇంజన్ భాగాల పేర్లు ఫోన్‌లో విసుక్కుంటూనే మళ్లీ మళ్లీ చెప్పిన యాకూబ్ భాయ్‌కి, ఆడపిల్ల అడిగినా మోటారు పుస్తకం అల్మారాలోంచి తీసి ఇచ్చిన గ్రంథాలయం నర్సయ్య సారుకు, డ్రమ్ముకు కాపలా కాసిన మా అవ్వ రామనర్సమ్మకు, ఇదంతా చదివించుకుని విని "బాపు మీద ఇంకింత రాయి" అన్న చెల్లె శోభకు నా కృతజ్ఞతలు. చివరగా, మా అమ్మ యాదమ్మకు. చదివి వినిపిస్తే, "గంగాళం సంగతి రాసినవా?" అని అదొక్కటే అడిగింది. రాసినమ్మా.